నేలతాడి పువ్వును పోల్చుకొనుట

తొలకరి వానలు రెండు మూడు పడి అడవి నేల మెత్తబడిన పిమ్మట, చెట్లనీడ చిక్కగానున్న చోట, ఎండుటాకుల నడుమ నేల నంటిపెట్టుకొని పసుపుపచ్చని చుక్కల వంటి చిన్న పువ్వులు కానవచ్చును. కట్టెకు పోవువారును, పశువులను తోలుకొని పోవువారును వీనిని దినదినము చూచుచునే యుందురు గాని, చాలమంది గడ్డిపువ్వని తలచి దాటిపోవుదురు. ఇదియే నేలతాడి. దీని దుంప నల్లముసలి యను పేరున మూలికల అంగళ్లలో అమ్ముడుపోవును. అడవుల అంచున భూములు గల మన సభ్యులలో కొందరు ఈ దుంపను సేకరించుచున్నారు. మరికొందరు తోటలలో పెంచవచ్చునా యని అడుగుచున్నారు. ఈ రెండు పనులకును ముందు మొక్కను తప్పులేకుండ గుర్తించుట నేర్వవలెను. ఏలయనగా అవే నీడలలో, అవే వానలకు మొలచు మరియొక దుంప ప్రాణాంతకమైన విషము. ఆ భేదమును రైతు సోదరులకు తేటగా తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పేరు

ఈ మొక్క ఆకు క్రొత్తగా మొలచిన తాటిమొక్క ఆకువలె నిడుపుగా, మడతలు మడతలుగా నుండును. నేలను విడిచి పైకి లేవదు. కనుకనే మనవారు దీనిని నేలతాడి యనియు, నేలతాటి యనియు పిలిచిరి. సంస్కృతమున తాలమూలి యన్నను అదియే భావము. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి కర్కులిగో ఆర్కియాయిడీస్ అని పేరిడిరి. దీని పిందెకు పొడవైన ముక్కు వంటి భాగము కలదు. ధాన్యమును తొలుచు ముక్కుపురుగు ముక్కును అది పోలియున్నదని, లాటిను భాషలో ఆ పురుగునకు గల పేరునుండి మొక్కకు పేరు కల్పించిరి. గాదెలలో ముక్కుపురుగును చూచిన రైతు ఈ పేరును మరువడు.

18వ శతాబ్ది చివర సామర్లకోటలో నుండి మన తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గు దొర, 1795లో వెలువడిన తన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము మొదటి సంపుటమున దీని చిత్రమును చేర్చెను. ఆ గ్రంథములోని చిత్రములను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే. కాబట్టి ఇది ఎక్కడనుండియో వచ్చిన మొక్క కాదు. మన అడవులకు అనాదిగా చెందినది.

ఎక్కడ, ఎప్పుడు వెదకవలెను

నేలతాడి నీడను కోరును. పూర్తిగా ఎండ తగులు బీడునందు సాధారణముగా నిలువదు. ఆకురాల్చు అడవులలో మద్ది, టేకు, వెదురు మున్నగువాని క్రిందను, వాగుల ఒడ్డునను, కొండవాలున ఆకులు చివికి నల్లబడిన మన్నులోను మొలచును. నల్లమలలోను, తూర్పు కనుమలలో పాపికొండల నుండి విశాఖ మన్యము వరకును, తెలంగాణములో ఆదిలాబాదు అడవులలోను ఇట్టి తావులు పెక్కులు గలవు. నీరు నిలుచు పల్లము దీనికి పనికిరాదు. తేమ యుండవలెను గాని నీరు జారిపోవలెను.

వేసవిలో ఈ మొక్క పైకి కానరాదు. ఆకులెండి రాలిపోవును, దుంప మాత్రము నేలలో ప్రాణముతో నుండును. తొలి వానలకు ఆకు చిగిర్చును. జ్యేష్ఠాషాఢములు మొదలు భాద్రపదము వరకు, అనగా జూను నుండి సెప్టెంబరు వరకు పూయును. మార్గశిర పుష్యముల నాటికి ఆకు పసుపుబారి ఒరగును. పోల్చుకొనుటకు తగిన కాలము పూచెడి కాలమే. ఆకెండిన తరువాత దుంపను మాత్రమే చూచి ఇది నేలతాడియని చెప్పుట అనుభవశాలికి సైతము సాహసమే యగును.

ఆకు గుర్తులు

ఒక్కొక్క మొక్కకు మూడు మొదలు ఆరేడు ఆకులుండును. అన్నియు నేలనుండియే గుత్తిగా పుట్టును. కాండము పైకి కానరాదు. ఆకు పొడవు సాధారణముగా జానెడు మొదలు మూరెడు లోపుగా నుండును. వెడల్పు అర అంగుళము మొదలు ఒక అంగుళము వరకు. రెండు కొనలును సన్నబడును. ఆకును వెలుతురునకు పట్టి చూచినచో ఈనెలు మొదటినుండి చివరివరకు వరుసగా పోవుచు, వానివెంట విసనకర్రకు వలె మడతలు కనబడును. వ్రేలితో తడవినచో పలుచని మెత్తని నూగు తగులును. కొన్ని మొక్కలలో ఈ నూగు మిక్కిలి స్వల్పముగా నుండుటయు కలదు. కనుక నూగొక్కటియే ప్రమాణము కాదు.

ఇంకొక వింత గుర్తు కలదు. బాగుగా ఎదిగిన ఆకు వంగి దాని కొన తడినేలను తాకినచో, ఆ కొన వేరుదన్ని అచ్చట చిన్న మొలక పుట్టవచ్చును. తల్లిమొక్క చుట్టును పిల్లమొక్కలు ఇట్లు ఏర్పడియున్న యెడల నేలతాడియని అనుకొనుటకు మంచి ఆధారము దొరకినట్లే.

పువ్వు గుర్తులు

ఇందు ముఖ్యమైనది పువ్వు. ఆరు రేకులు నక్షత్రమువలె విచ్చియుండును. రంగు మెరయు పసుపుపచ్చ. పువ్వు వెడల్పు అర అంగుళమునకు కొంచె మెక్కువ. నడుమ ఆరు కేసరములుండును. వెలుపలి రేకుల వీపున నూగుండును. ఒక మొక్కకు ఒకేసారి ఒకటి రెండు పువ్వులకంటె ఎక్కువ విచ్చుట అరుదు.

అన్నిటికంటె గట్టి గుర్తు పువ్వున్న తావు. ఇది ఆకుల మొదట, మన్నును తాకునంత దగ్గరగా విచ్చును. పువ్వు క్రింద సన్నని కాడవంటిది కనబడును గాని అది నిజముగా కాడ కాదు. పిందెపైనుండు ముక్కే యట్లు సాగి పువ్వును మోయుచున్నది. పిందె ఆకుతొడిమల నడుమ నేలలో దాగియుండును. మన్నును వ్రేలితో మెల్లగా తొలగించి చూచిన యెడల పిందె కనబడును. కాయ కూడ నేలలోనే పండును. దానియందు ఒకటి మొదలు నాలుగు వరకు నల్లని మెరయు గింజలుండును. గింజమీద అలలవంటి గాడులుండును. పువ్వు పైన, పిందె మన్నులో అను ఈ ఒక్క మాట గుర్తున్నచో సగము పని నెరవేరినట్లే.

నేలలోని భాగము

దుంప నిటారుగా క్రిందికి దిగును, ప్రక్కలకు ప్రాకదు. వ్రేలి లావున నుండి, మంచి నేలలో జానెడు లోతు వరకు పోవును. పైపొర నల్లగానో, నల్లని గోధుమరంగుగానో యుండి ముడుతలు పడియుండును. ప్రక్కలనుండి కండగల వేళ్లు బయలుదేరును. కోసినచో లోపల తెల్లగా నుండి జిగురు తగులును. పై నలుపును బట్టి వర్తకులు దీనిని నల్లముసలి యందురు.

పొరబడదగిన మొక్కలు

మొదటిది తాటిమొలక, ఈతమొలక. వీని ఆకు బిరుసుగా నుండును, మడిచినచో చిట్లును. నేలతాడి ఆకు మెత్తగా వంగును. తాటిమొలకను త్రవ్విన యెడల మనమెరిగిన తేగయే బయటపడును. పువ్వు మాట సరేసరి, మొలకకు పువ్వెక్కడిది?

రెండవది, కొండలమీద పచ్చికబయళ్లలో మొలచు, అదే కుటుంబమునకు చెందిన చిన్న పసుపుపువ్వుల మొక్క. శాస్త్రజ్ఞులు దానిని హైపాక్సిస్ ఆరియా యందురు. దాని పువ్వు కూడ ఆరు రేకుల పసుపు నక్షత్రమే. కాని దానికి నిజమైన సన్నని కాడ కలదు; పువ్వును పిందెయు రెండును నేలకు పైననే యుండును. ఆకు మరింత సన్నము, మడతలు లేవు. ఇది విషపు మొక్కయని భయపడనక్కరలేదు గాని, సరకులో కలిపినచో కల్తీయే యగును.

మూడవది తెల్లముసలి. దాని ఆకు నున్నగా నుండును. పువ్వులు తెల్లనివి, పైకి లేచిన కాడమీద వరుసగా పూయును. నేలలో ఒక్క దుంప కాక తెల్లని వ్రేళ్లవంటి వేళ్ల గుత్తి యుండును. రెండును ముసలి యను పేరనే అమ్ముడగుటచే తికమక కలుగును. గుణమును, ధరయు వేరు.

నాలుగవది, నేలమీద పెరుగు ఆర్కిడు జాతి మొక్కలు కొన్ని. వీని ఆకులకు కూడ మడతలు గలవు. కాని పువ్వులు కాడపై గుత్తిగా నుండును. ఒక రేకు మిగిలినవానికి భిన్నమైన ఆకారముతో నుండును. ఆర్కిడులను త్రవ్వరాదు, ఒకసారి పోయిన చోట మరల వచ్చుట కష్టము.

ఐదవది అడవిఉల్లి, దీనినే నక్కఉల్లి యందురు. దీని గడ్డ ఉల్లివలె పొరలు పొరలుగా నుండును. ఇది గుండెకు హాని చేయు విషము గలది. నేలతాడి దుంపకు పొరలుండవు. కోసిన వెంటనే భేదము తెలియును.

అడవినాభి

ఇక అన్నిటికంటె అపాయకరమైనది అడవినాభి. అగ్నిశిఖ యనియు, కలప్పగడ్డ యనియు దీనికి పేళ్లు. ఎరుపు పసుపు కలసి మంటవలె పైకి లేచిన రేకులతో నుండు దీని పువ్వును చూడనివారు మనలో అరుదు. తమిళనాడునకు ఇది రాష్ట్రపుష్పము. ఆకు కొన నులితీగవలె చుట్టుకొని దగ్గరనున్న పొదను పట్టుకొనును. పూచియున్నప్పుడు దీనిని నేలతాడియని ఎవ్వరును పొరబడరు. చిక్కంతయు ఆకెండిన తరువాతనే. శీతకాలమున పొదల అంచున గునపము వేసి త్రవ్వునప్పుడు రెండును ఒకే గంపలో చేరు అవకాశము కలదు.

అడవినాభిలో కాల్చిసిన్ అను విషముండును. దానిని వైద్యులు అత్యల్ప పరిమాణమున కీళ్లవాతమునకు వాడుదురు. పరిమాణము మించినచో వాంతులు, విరేచనములతో మొదలై, శరీరములోని అవయవములు ఒకటొకటిగా చెడి మరణము సంభవించును. దుంప యంతటను ఆ విషము కలదు. ఉడికించినంత మాత్రమున అది పోవునని నమ్మరాదు. పొరబాటున తిన్నవారిని లక్షణములు కనబడువరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. తిన్న దుంప ముక్కను కూడ తీసికొనిపోవలెను.

భేద మిది. అడవినాభి దుంప నాగలివలె వంగి రెండు కొమ్ములుగా చీలియుండును. సంస్కృతమున దానికి లాంగలి యని పేరు వచ్చుటకు ఇదియే కారణము. అది నేలలో అడ్డముగా నుండును. పైపొర నున్నన, దుంప పొడవునను ప్రక్కవేళ్లుండవు. నేలతాడి దుంప నిటారు, నలుపు, ముడుతలు, ప్రక్కన కండగల వేళ్లు. అయినను విరిగిన ముక్కలలో ఈ ఆకారము నిలువదు. కావున సందేహము గల ముక్కను పారవేయుటయే మేలు గాని గంపలో వేయరాదు. నాలుకతో రుచి చూచి తేల్చుకొందమను అలవాటు అతి ప్రమాదకరము.

త్రవ్వవలసిన రీతి

పై మాటలనుండి ఒక నియమము తేలుచున్నది: వానలలో గుర్తించుము, చలిలో త్రవ్వుము. శ్రావణ భాద్రపదములలో పువ్వును చూచి నిశ్చయించుకొన్న మొక్కప్రక్కన ఒక వెదురుబద్ద పాతవలెను. మార్గశిరమున ఆకు ఒరగిన పిమ్మట బద్దయున్న చోటనే త్రవ్వవలెను. బద్ద లేని చోట గునపము వేయరాదు. దీనివలన విషదుంప కలియదు. కాయ పండి గింజ నేలలో పడుటకును వ్యవధి యుండును. దుంపయు నిండి బరువు తూగును. వానకాలముననే తొందరపడి త్రవ్వువానికి లేతదుంప మాత్రమే దక్కును.

దుంపను త్రవ్వినచో మొక్క చచ్చును. ఆకు కోసినట్లు, పండు కోసినట్లు కాదు. కాబట్టి అయిదారు మొక్కలున్న తావున ఒకటి రెంటికంటె ముట్టరాదు. త్రవ్విన దుంపకు పైన మొలకకన్ను గల అంగుళము ముక్కను కోసి, అదే గోతిలో మరల పాతి, ఆకుమన్ను కప్పవలెను. మరుసటి తొలకరికి అది చిగిర్చును. అమ్మకమునకు క్రింది భాగము చాలును. ఇంత చిన్న పనికి మనము బద్ధకించినందుననే మార్గములకు దగ్గరగానున్న నీడలన్నియు బోసిపోవుచున్నవి.

హక్కు విషయము కూడ తెలియవలెను. రిజర్వు అడవిలో హక్కు లేనివారు దుంపలు త్రవ్వుట నేరము. 2006 సంవత్సరపు అటవీహక్కుల చట్టము వేళ్లను, దుంపలను, ఔషధపు మొక్కలను చిన్నతరహా అటవీఫలములలో చేర్చి, పూర్వమునుండి వానిని సేకరించుచు వచ్చిన గిరిజనులకును, ఇతర సాంప్రదాయిక అటవీవాసులకును వానిపై యాజమాన్యపు హక్కును గుర్తించినది. మైదానపు రైతు ఆ హక్కు తనదని భావింపరాదు. అతడు తన పట్టాభూమిలో పెంచుకొనుటయే న్యాయమైన మార్గము.

తోటనీడలో పెంచుట

మామిడి, సపోటా తోటలలో చెట్లక్రింద ఏమియు పండని నీడనేల చాల వృథాగా పడియుండును. నేలతాడికి అదియే అనుకూలము. మొదటి సంవత్సరము ఒక చిన్న మడితో ప్రారంభింపుడని మా సలహా. నీరు జారు ఇసుకపాలు గల మన్నులో బాగుగా చివికిన ఆకు ఎరువు కలిపి, తొలకరికి ముందు మడి సిద్ధపరుపవలెను. మొలకకన్ను గల అంగుళము లోపు దుంప ముక్కలను నాలుగంగుళముల ఎడముగా నాటి, ఎండుటాకులు పరచవలెను. గింజలనుండి మొలక సులభముగా రాదు. కనుక దుంప ముక్కయే నమ్మదగినది. ఎదిగిన మొక్కల ఆకుకొనలను వంచి తడిమన్ను కప్పినచో కొన్ని పిల్లమొక్కలును దొరకును. నాటిన ఏడెనిమిది నెలలకు ఆకు ఒరగును, అప్పుడు త్రవ్వవచ్చును. కలుపు తీయుటలోను, నీరు నిలువకుండ చూచుటలోను శ్రద్ధ వలయును.

కొనువా డెవరో, ఏ ధరకో తెలియక ఎకరములకొలది నాటుట వివేకము కాదు. మూలికల ధరలు ఏడాదికొక తీరున మారుచుండును. విత్తనపు దుంపలమ్మి లాభము గడించుటకై గొప్ప గొప్ప దిగుబడులు చెప్పువారి మాట విని అప్పు చేయరాదు.

సరకు శుద్ధి

త్రవ్విన దుంపలను కడిగి, ప్రక్కవేళ్లు తీసి, ముక్కలుగా కోసి, గాలి తగులు నీడలో ఎండబెట్టవలెను. తడి మిగిలినచో బూజు పట్టును. ఆయుర్వేదమున దీనిని బలకరమైన మూలికలలో చేర్చిరి. చైనా వైద్యమునను ఇది వాడుకలో నున్నది. అచ్చట దీనికి కొంత విషగుణము గలదని యెంచి మోతాదు విషయమున హెచ్చరింతురు. కనుక బలమునకని యెవరికి తోచినంత వారు తినుట తగదు. మనము పెంచువారము, సేకరించువారము. మోతాదు నిర్ణయించుట వైద్యుని పని.

సంఘముల విధి

ఒక్కొక్కరు విడివిడిగా అమ్మినచో వర్తకుడు చెప్పినదే ధర. మన్యములలో అటవీఫలములను కొనుటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడుటకు మూలకారణము ఈ అవస్థయే. మన గ్రామసంఘములును ఈ చిన్న సరకు విషయమున అదే మార్గమును అనుసరింపవచ్చును. అయితే కలసి అమ్మువారికి లాభము ఉమ్మడి యైనట్లే తప్పును ఉమ్మడియే యగును. ఒక సభ్యుని గంపలో ఒక నాభిముక్క యున్నచో దానిని మ్రింగువాడు మనకు తెలియని దూరదేశపు రోగి. అతని ప్రాణమునకు మన సంఘమే బాధ్యత వహింపవలెను. తరువాత ఎంత మంచి సరకు పంపినను ఆ సంఘము ముద్రను ఎవరును నమ్మరు.

కాబట్టి సంఘములు మూడు పనులు చేయవలెనని మేము కోరుచున్నాము. మొదటిది, ఈ వానకాలముననే మొక్క నెరిగిన పెద్దలను, ముఖ్యముగా కొండలలోని గిరిజన వృద్ధులను ఆహ్వానించి, పువ్వున్నప్పుడే సభ్యులకు చూపించుట. వారి శ్రమకు తగిన ప్రతిఫల మిచ్చుట. రెండవది, సంఘపు ఆవరణలో నీడ గల మూల నేలతాడి నొక మడిలో పెంచి, అడవినాభి ఎండుదుంప నొకదానిని అద్దపు సీసాలో మూసి, విషమని పెద్ద అక్షరములతో వ్రాసి ప్రక్కన నుంచుట; పిల్లల చేతికి అందనీయరాదు. మూడవది, ముక్కలుగా కోయని దుంపలనే సభ్యులయొద్ద తీసికొని, ఒక్కొక్కటిగా చూచిన పిమ్మట సంఘమునందే కోయించి ఎండబెట్టించుట. ముక్కలైన తరువాత పరీక్ష కష్టమని పైన తెలిపియున్నాము గదా.

ఇప్పుడు నీడలలో నేలతాడి పూయు కాలము. సభ్యులు పొలమునకు పోవు దారిలో ఒక్క నిమిషము వంగి చూతురు గాక. ఆరు పచ్చరేకులు, మడతలుపడిన మెత్తని ఆకు, మన్నులో దాగిన పిందె, ఈ మూడును కుదిరినచో ఒక బద్ద పాతి గుర్తుంచుకొనుడు. గునపమునకు మార్గశిరము వరకు విశ్రాంతి నిండు.